క్యాస్ట్రోలో ఎండ కాసే రోజులు

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎండాకాలం ఇప్పుడే మొదలైంది. జూన్, జులై, ఆగస్టుల్లో స్వెట్టర్లు తొడుక్కుని వణికిన ఊరు సెప్టెంబరు చివరికొచ్చేసరికి చొక్కా చేతులు పైకి మడుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఏటా ఇది చూసి ఆశ్చర్యపోతారు, పాతవాళ్ళు ఏటా ఇదే చెప్పి సంబరపడతారు. సముద్రం మీంచి వచ్చే పొగమంచుకి ట్విన్ పీక్స్ కొండలు అడ్డంగా నిలబడతాయి కాబట్టి, వాటి చాటునున్న క్యాస్ట్రో పేటకి ఒక పాలు ఎండ ఎక్కువే. ఎండొచ్చిందంటే పనులూ వస్తాయి. పండగలు, సంతలు, మీటింగులు, చందాలు, వంటలు, మొక్కలు. డిసెంబరు దాకా ఎవరికీ ఊపిరి సలపదు.

అన్నట్టు, కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క ముక్క. క్యాస్ట్రోని నగర ప్రభుత్వం 2019లో ఎల్‌జీబీటీక్యూ సాంస్కృతిక పేటగా గుర్తించింది. అంతకుముందే 2017లో టెండర్లాయిన్‌లో ట్రాన్స్ పేట, 2018లో సౌత్ ఆఫ్ మార్కెట్‌లో లెదర్ పేట వచ్చాయి. జపాన్‌టౌన్‌కీ, మిషన్‌లోని లాటినో వీధికీ, ఫిలిపినో పేటకీ కూడా ఇలాంటి గుర్తింపే ఉంది. 2018 నవంబరులో హోటళ్ళ పన్నులోంచి ఒక వాటా కళలకీ ఈ పేటలకీ ఇవ్వాలని ఊరంతా ఓటేసింది. కాబట్టి మీ చుట్టాలెవరైనా ఊరు చూడ్డానికొచ్చి హోటల్లో దిగితే, తెలియకుండానే మా పేట పనికి ఓ చెయ్యి వేసినట్టే. డబ్బు మాట అలా ఉంచండి. పేటని నిజంగా నడిపేది సాయంత్రాలు ఆఫీసు నుంచి తిన్నగా వచ్చి కుర్చీలు వేసేవాళ్ళు. ఈసారి కబుర్లన్నీ వాళ్ళవే.

ముందు సంత సంగతి. అక్టోబరు మొదటి ఆదివారం క్యాస్ట్రో వీధి సంత. 1974లో, తర్వాత నగర పాలకసభకి ఎన్నికైన హార్వీ మిల్క్ మొదలుపెట్టించాడు. అప్పటికాయన ఈ వీధిలో కెమెరా కొట్టు పెట్టుకున్న మామూలు వ్యాపారి. గే దుకాణదారులని పాత వర్తక సంఘం రానివ్వకపోతే, తోటివాళ్ళని కూడగట్టుకుని వేరే సంఘం పెట్టుకున్నారు, వీధి మూసి సంత పెట్టారు. వచ్చిన జనాన్నీ, అయిన అమ్మకాలనీ చూశాక వద్దన్నవాళ్ళు కూడా మెత్తబడ్డారు. గల్లాపెట్టె మోగితే ఎంతటి పట్టుదలైనా సడలుతుంది కదా!

సంత ముఖద్వారం దగ్గర డబ్బా పట్టుకుని నిలబడేవాళ్ళని చూశారా? టికెట్టు లేదు, తోచింది వెయ్యమంటారు. అలా పోగైన సొమ్ము ఊళ్ళోని రకరకాల సేవాసంఘాలకి వెళుతుంది. డబ్బా పట్టుకునేవాళ్ళలో చాలామంది ఆ సంఘాల మనుషులే. పొద్దున పదింటికి ఉత్సాహంగా "స్వాగతం" అన్న గొంతు మధ్యాహ్నం మూడింటికి బొంగురుపోయి ఉంటుంది. వెళ్ళేటప్పుడు డబ్బాలో ఏదో ఒకటి వెయ్యండి, చేతిలో ఓ మంచినీళ్ళ సీసా కూడా పెట్టండి. డబ్బు అందరూ వేస్తారు, నీళ్ళిచ్చినవాళ్ళని మాత్రం మళ్ళీ ఏడాదికి కూడా గుర్తుపడతారు.

ఇక వచ్చే దారి. ఫ్రీమాంట్ వైపు వాళ్ళు బార్ట్ రైలు ఎక్కి, మార్కెట్ వీధి కింద మునీ రైలుకి మారి క్యాస్ట్రో స్టేషన్లో దిగితే సరి. కారు తెస్తే పార్కింగు వెతుక్కోవడంతోనే సంత అయిపోతుంది. తీరికుంటే ఎఫ్ లైను ట్రాము ఎక్కండి. ఎన్నో ఊళ్ళలో అరిగి అరిగి రిటైరైన పాత ట్రాములు, మిలాన్ నుంచి వచ్చినవాటితో సహా, ఇక్కడ రంగులు వేయించుకుని మళ్ళీ ఉద్యోగంలో చేరాయి. చివరి స్టాపు సరిగ్గా పదిహేడో వీధి మూల మీదే. దిగి తలెత్తితే ఇంద్రధనుస్సు జెండా.

ఆ జెండా కథలోనూ నలుగురు చేతులు కలిపిన పనే ఉంది. 1978లో గిల్బర్ట్ బేకర్, ఆయన స్నేహితులు, ఓ ముప్ఫైమంది దాకా వాలంటీర్లు కలిసి గ్రోవ్ వీధిలోని కమ్యూనిటీ సెంటర్లో చెత్తడబ్బాలంత పెద్ద తొట్లలో ఉప్పూ రంగూ కలిపి బట్ట ముంచారు, ఆరేశారు, కుట్టారు. మొదట ఎనిమిది రంగులు. గులాబీరంగు బట్ట దొరక్క ఒకటి తగ్గింది, సరిసంఖ్య కోసం ఇంకోటి తగ్గింది, ఆరు నిలిచాయి. ఇప్పుడు ట్రాము స్టాపు దగ్గరి ప్లాజాలో ఎగిరే పెద్ద జెండా 1997 నుంచీ ఉంది. కొండల మీంచి దిగే గాలికి అంచులు చిరిగిపోతుంటాయి, మార్చేస్తుంటారు. అంచు కాస్త పీలికలైనట్టు కనిపించగానే పేటలో కనీసం పదిమంది ఎవరికో ఒకరికి ఫోన్ చేసి చెబుతారు. ఇంత శ్రద్ధగల కాపలా బ్యాంకులకి కూడా ఉండదు.

జెండా దాటి నాలుగడుగులు వేస్తే మూలమీద మూడు పలకల బుల్లి తోట ఉంటుంది. చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. నాజీల కాలంలో గులాబీరంగు త్రికోణం తొడిగించి, శిబిరాలకి పంపిన స్వలింగ సంపర్కుల గుర్తుగా 2001లో వెలిసింది. పదిహేను గ్రానైటు స్తంభాలు. ఒక్కో స్తంభం వెయ్యిమందికి గుర్తు. నేల మీద గులాబీరంగు రాళ్ళు పరిచి ఉంటాయి, వాటి సందుల్లో గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి పీకేది చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే. మోకాళ్ళ కింద మెత్త వేసుకుని, రాయి పక్కకి జరిపి, గడ్డిని వేరుతో లాగి, రాయిని మళ్ళీ అదే చోట పెడతారు. గంట పనిచేస్తే గజం నేల శుభ్రపడుతుంది. పక్కనే ట్రాము గంట కొట్టుకుంటూ పోతుంటుంది, దారినపోయేవాళ్ళు ఆగి "ఇదేమిటి?" అని అడుగుతుంటారు. గడ్డి పీకేవాళ్ళు తల ఎత్తి వివరంగా చెబుతారు. నేను చూసినంతలో ఈ ఊళ్ళో ఇంత బాగా చరిత్రపాఠం చెప్పే చోటు ఇంకోటి లేదు.

చరిత్ర అంటే గుర్తొచ్చింది, కాలిబాట మీద కంచుపలకలు చూసుకుని నడవండి. 2014 నుంచి వేస్తున్నారు. ఫ్రీడా కాలో, వర్జీనియా వుల్ఫ్, అలన్ ట్యూరింగ్, జేమ్స్ బాల్డ్విన్ వంటివాళ్ళందరూ అక్కడే కాళ్ళ దగ్గర పలకరిస్తారు. తెలుగు ఇంజనీర్లు ఎక్కువమంది ట్యూరింగ్ దగ్గర ఆగి ఫొటో తీసుకుంటారు. తీసుకోవాల్సిందే, మనందరికీ అన్నం పెట్టిన మహానుభావుడు!

ఇక మీటింగులు. ఈ పేటలో మీటింగుకి రాని మనిషి అంటే మీటింగు సంగతి తెలియని మనిషే. సాంస్కృతిక పేట అన్నాక, చరిత్రని ఎలా కాపాడాలి, ఇళ్ళు ఎవరికి ఎలా దొరకాలి, కొట్లు ఎలా నిలబడాలి అని పేటజనమే కూర్చుని ఊరికి ఒక నివేదిక రాసివ్వాలి. దానికోసం సర్వేలు, చర్చలు, సాయంత్రాల సభలు. మైకు దగ్గర ఒక్కొక్కరికీ రెండేసి నిమిషాలు. ఒకావిడ లేచి సందులో దీపం వెలగడం లేదంటుంది. ఓ కుర్రాడు తన జీతంలో సగం పైగా అద్దెకే పోతోందంటాడు. నలభై ఏళ్ళుగా ఇదే వీధిలో ఉన్న పెద్దాయన లేచి, తన చుట్టూ ఉండే స్నేహితులందరినీ ఎయిడ్స్ తీసుకుపోయిందని, మిగిలినవాళ్ళని అద్దెలు తీసుకుపోతున్నాయని చెబితే గది చప్పుడు లేకుండా వింటుంది. గంట మోగినా ఆయన్ని ఎవరూ కూర్చోమనరు.

నా మటుకు నాకు ఈ చర్చల్లో ఇళ్ళ సంగతే అన్నిటికన్నా ముందు. పాదచారుల దారికి ఇంద్రధనుస్సు రంగులు వేయడం 2014లోనే అయిపోయింది, చూడ్డానికి ముచ్చటగానూ ఉంది. ఆ దారి దాటి ఇంటికి నడిచి వెళ్ళేవాళ్ళు కూడా ఉండాలి. ఇంట్లోంచి వెళ్ళగొడితే బస్సెక్కి ఈ పేట పేరు పట్టుకుని వచ్చే పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఇవాళ్టికీ ఉన్నారు. వాళ్ళకి ఇక్కడ ఒక గది అద్దెకి దొరక్కపోతే జెండా ఎంత ఎత్తున ఎగిరీ ప్రయోజనం లేదు. ఈ మాట మీటింగులో కూడా రెండు నిమిషాల్లోనే చెప్పేయవచ్చు, ఎవరు చెప్పినా చప్పట్లు కొడతాను.

పెద్దవాళ్ళ విషయంలో కాస్త మంచి కబురే ఉంది లెండి. ఇక్కడికి దగ్గర్లోనే లగూనా వీధిలో ఎల్‌జీబీటీక్యూ వృద్ధులని ఆదరించే అపార్టుమెంట్లు 2016లో కొన్ని, 2019లో కొన్ని వచ్చాయి. పిల్లలు లేనివాళ్ళూ, చుట్టాలు పలకరించనివాళ్ళూ వాళ్ళలో ఎక్కువ. వారానికోసారి వెళ్ళి కబుర్లు చెప్పి వచ్చే వాలంటీర్లు ఉన్నారు. వెళ్ళింది ఓదార్చడానికైనా, తిరిగొచ్చేటప్పుడు ఎక్కువ కబుర్లు మూటగట్టుకొచ్చేది వెళ్ళినవాళ్ళే. 1970ల నాటి డాన్సు హాళ్ళ సంగతులు వాళ్ళ నోట వినాలి. ముప్ఫై ఏళ్ళ కుర్రాళ్ళు కూడా ఆ జోరు ముందు చేతులెత్తేస్తారు.

సరేగానీ, సినిమా హాలు మాట ఎత్తకుండా క్యాస్ట్రో కబుర్లు పూర్తవుతాయా? 1922లో కట్టిన క్యాస్ట్రో థియేటర్లో కుర్చీలు తియ్యాలా, ఉంచాలా అని కొన్నేళ్ళ కిందట పేట రెండుగా చీలింది. కచేరీలకి వీలుగా నేల మార్చాలని కొందరు, సినిమా హాలంటే వరుసగా కుర్చీలుండాల్సిందేనని కొందరు. నగర సభల్లో గంటలకొద్దీ జనం బారులు తీరి మాట్లాడారు. ఒకే ఇంట్లో ఒకాయన ఇటు, ఇంకొకాయన అటు. అయినా రాత్రి భోజనం ఒకే బల్ల మీద చేశారట. కుర్చీల కోసం ఇంతమంది నిలబడి మాట్లాడడం నాకైతే ఎంతో గౌరవంగా అనిపించింది. ఒక హాలుని ఇంతగా మాది అనుకునే జనం ఎన్ని ఊళ్ళలో ఉన్నారు?

అన్నట్టు, ట్రాము దిగిన కూడలిలో పెద్ద పెద్ద అద్దాల బారు ఉంది చూడండి, దానికి 2013లో నగర చారిత్రక కట్టడంగా గుర్తింపొచ్చింది. 1972లో ఇద్దరు మహిళలు దాన్ని కొని కిటికీలకున్న ముసుగు తీసేశారు. అంతవరకూ గే బార్లంటే చీకటి తలుపులే. లోపల కూర్చున్నవాళ్ళు రోడ్డుమీదివాళ్ళకి కనపడ్డం అప్పట్లో ఎంత ధైర్యమో! ఇవాళ అదే కిటికీ పక్కన నెరిసిన జుట్టు పెద్దలు కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చెయ్యి ఊపుతుంటారు. మీరూ ఊపండి. ఊపకపోతే బాధపడతారు.

ఇక హాలోవీన్. ఇక్కడ 1936 నుంచీ ఒక వెరైటీ కొట్టుంది. మేకులు, గొళ్ళేలు, బల్బులు ఒక పక్క. ఈకల కండువాలు, మెరుపుల కిరీటాలు ఇంకో పక్క. రెండూ ఒకే బిల్లులో వేయించుకుని వెళ్ళే ఊరు ఇదొక్కటే అనుకుంటాను. పేటలో హాలోవీన్ ఆ కొట్టువాళ్ళు పిల్లలకి వేషాల పోటీలు పెట్టడంతో మొదలై, తర్వాత పెద్దలది అయింది, ఆపైన ఊరందరిదీ అయింది. మరీ పెరిగిపోయి 2006లో కాల్పులు జరిగి తొమ్మిదిమంది గాయపడ్డాక, నగరం ఆ వీధి సంబరాన్ని ఆపేసింది. ఇప్పుడు వేషాలు ఇళ్ళలోకీ కొట్లలోకీ మారాయి. పిల్లలు కొట్టుకొట్టుకీ తిరిగి చాక్లెట్లు అడుగుతుంటే, కౌంటరు వెనకనుంచి ఆరడుగుల రాకుమారి వంగి బుట్టలో వేస్తుంది. పిల్లలకి అదంతా మామూలే. తెల్లబోయేది వెనకున్న తాతలు.

తాతలంటే జ్ఞాపకం వచ్చింది. ఆర్నెల్లు ఉండి వెళ్దామని తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కొడుకు తీసుకొస్తే మగవాళ్ళు ఆడవేషం కట్టే ఇక్కడి డ్రాగ్ ప్రదర్శన చూశారు. అందరూ ఆయనేమంటారోనని బిక్కుబిక్కుమంటుంటే, ఆయన తీరిగ్గా "చీరకట్టులో స్థానం వారి సత్యభామకి సాటి రాదు కానీ, నడక మటుకు బావుంది" అన్నారు. పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావుగారి స్త్రీపాత్రల గురించి ఆ తర్వాత గంటసేపు అక్కడివాళ్ళకి పాఠం చెప్పారు. ప్రదర్శన ఇచ్చినావిడ మేకప్ కూడా తుడుచుకోకుండా కూర్చుని విన్నారు.

పిల్లలకి కథలు చెప్పే సంగతి కూడా చెప్పాలి. డ్రాగ్ కళాకారులు లైబ్రరీల్లో పిల్లలకి కథలు చదివే వాడుక 2015లో ఇక్కడే, హార్వీ మిల్క్ పేరున్న ఈ పేట లైబ్రరీలోనే మొదలైంది. ఇప్పుడు ఎన్నో దేశాలకి పాకింది. దానిమీద ఎక్కడెక్కడో పెద్ద గొడవలు జరుగుతున్నాయి, అవి వింటే మనసు చివుక్కుమంటుంది. ఇక్కడ మటుకు జరిగేది ఇంతే: చాపల మీద పిల్లలు, పైన మెరుపుల గౌను, చేతిలో బొమ్మల పుస్తకం. ఆవిడ పులిలా గాండ్రిస్తే ముందు వరసలో ఒక చంటాడు ఏడుపు లంకించుకుంటాడు, రెండో వరస "మళ్ళీ, మళ్ళీ" అంటుంది.

ఈ నెలల్లోనే మనవాళ్ళ పండగలూ వస్తాయి కదా. బే ఏరియా తెలుగువాళ్ళకి బతుకమ్మ, దసరా, దీపావళి అన్నీ ఒక్కసారే. దక్షిణాసియా గే, లెస్బియన్, ట్రాన్స్ జనానికి ఇక్కడ 1986లోనే ఒక సంఘం పుట్టింది. ఇంటికి వెళ్ళి పండగ చేసుకోలేనివాళ్ళందరూ ఒకరి ఇంట్లో చేరి దీపాలు పెట్టుకోవడం అప్పటినుంచీ ఉన్న అలవాటు. ఈ మధ్య మంచి మార్పేమిటంటే, ఆ దీపాల దగ్గరికి అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. మొదటి ఏడాది గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి కూడా తటపటాయించిన తల్లులు, మరుసటి ఏడాది పులిహోర గిన్నెతో అందరికన్నా ముందొస్తారు. మూడో ఏడు కొత్తగా వచ్చిన తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని "నాకూ అలాగే అనిపించిందమ్మా, కాస్త తినండి ముందు" అంటారు. ఇంతకన్నా పెద్ద వాలంటీరు పని నాకు తెలిసి లేదు.

హైదరాబాదు కబురేదొచ్చినా ఇక్కడ అందరూ చెవులు రిక్కిస్తారు. అక్కడ 2013 నుంచీ ప్రైడ్ నడకలు. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలని నేరమన్న 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు. 2023 జులైలో, నిజాం కాలం నుంచీ హిజ్రాలని నేరగాళ్ళలా చూసిన 1919 నాటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. నూరేళ్ళు దాటిన చట్టం! పోరాడినవాళ్ళ ఓపికకి నూరేళ్ళ ఆయుష్షు.

ట్రాన్స్ అక్కచెల్లెళ్ళ మాట వచ్చింది కాబట్టి, టెండర్లాయిన్ వైపు కూడా ఒక చుట్టు చుట్టి రండి. టర్క్, టేలర్ వీధుల మూలమీద కాంప్టన్ కెఫెటేరియా ఉండేది. 1966 ఆగస్టులో ఓ రాత్రి పోలీసు చెయ్యి పట్టుకుంటే ఒక ట్రాన్స్ మహిళ కాఫీ కప్పు అతని మొహాన కొట్టింది. న్యూయార్కు స్టోన్‌వాల్ తిరుగుబాటుకి మూడేళ్ళ ముందే ఇక్కడ అలా తిరుగుబాటు రేగింది. నవంబరు 20న ట్రాన్స్ అమరుల స్మృతిదినం. హత్యకి గురైనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. పేర్లు చదవడానికి మనుషులు కావాలి, మరీ ముఖ్యంగా విదేశీ పేర్లు సరిగా పలికేవాళ్ళు. మన దేశపు పేర్లు ఉంటే వాటిని పద్ధతిగా పలకడానికి మనలో ఎవరైనా వెళ్ళి నిలబడాలి. బతికినన్నాళ్ళూ వాళ్ళ పేరు వాళ్ళకి దక్కకపోయినా, ఆ రోజైనా తప్పుల్లేకుండా వినపడాలి.

సరిగ్గా వారం తిరిగేసరికి నవంబరు 27. 1978లో నగర పాలకసభలో పదవి చేపట్టి ఏడాదైనా నిండని హార్వీ మిల్క్‌నీ, మేయరు మోస్కోనీనీ సిటీ హాల్లోనే కాల్చి చంపిన రోజు. ఆ సాయంత్రం క్యాస్ట్రో నుంచి సిటీ హాలు దాకా వేలాదిమంది కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. అప్పుడే కొత్తగా కూడిన గే పురుషుల గాయకబృందం జనం ముందు మొదటిసారి పాడింది ఆ సిటీ హాలు మెట్ల మీదే. ఇప్పటికీ ఏటా జనం చేరతారు. కొవ్వొత్తికి కాగితం గొట్టం చుట్టే పని ముందురోజు జరుగుతుంది, బల్ల చుట్టూ పదిమంది కూర్చుని చకచకా చుట్టేస్తారు. గాలికి ఆరిపోతే పక్కవాళ్ళది అడగండి, పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు.

మధ్యలో థాంక్స్‌గివింగ్ వచ్చి పడుతుంది. ఇది ఇళ్ళకి వెళ్ళే పండగ. ఇంటికి రావద్దన్నవాళ్ళకి మాత్రం ఆ వారం మహా కష్టం. అందుకే పేటలో ఉమ్మడి భోజనాలు. వంటశాల అంటే ఈ ఊరికి పాత కథ ఒకటుంది. 1985లో రూత్ బ్రింకర్ అనే రిటైరైన పెద్దావిడ, ఎయిడ్స్‌తో లేవలేని ఏడుగురు ఇరుగుపొరుగులకి తన వంటింట్లో వండి పంపడం మొదలుపెట్టింది. మందు లేని కాలంలో ఆవిడ చేయగలిగింది అన్నం పెట్టడం. ఆ ఏడు కంచాలు పెరిగి పెద్ద వంటశాల అయింది, రోజూ వాలంటీర్లే కూరలు తరుగుతారు. లోపలికి వెళ్ళగానే జుట్టుకి వల, చేతికి తొడుగులు, ముందు ఓ బస్తా ఉల్లిపాయలు. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు, కళ్ళనీళ్ళు. ఆ తర్వాత ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. రిటైరైన నర్సు, కాలేజీ కుర్రాడు, బస్సు డ్రైవరు, బ్యాంకు మేనేజరు అందరూ ఒకే బల్ల. ముక్కలు ఒకే సైజులో రావాలని పర్యవేక్షకురాలు తిరుగుతుంటుంది. మన పెళ్ళిళ్ళలో అర్ధరాత్రి కూరగాయలు తరిగిన అత్తయ్యలెవరైనా వెళితే గంటలో ఆ బల్లకి పెద్దరికం వాళ్ళదే. వెళ్ళండి, మీ చేతి పనితనం అక్కడ పనికొస్తుంది.

డిసెంబరు 1 ప్రపంచ ఎయిడ్స్ దినం. ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ గుర్తుగా కుట్టిన బొంత గురించి చెప్పాలి. 1985లో ఆ నవంబరు కొవ్వొత్తుల నడకలో, చనిపోయినవాళ్ళ పేర్లు అట్టల మీద రాసి ప్రభుత్వ భవనం గోడకి అంటిస్తే, అది చూసిన కార్యకర్త క్లీవ్ జోన్స్‌కి అతుకుల బొంతలా కనిపించింది. అక్కడ పుట్టిన ఆలోచన 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో 1,920 ముక్కలుగా పరుచుకుంది. ఇప్పుడు సుమారు 50,000 ముక్కలు, లక్షకి పైగా పేర్లు. ఒక్కో ముక్క మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. మనిషిని పూడ్చిపెట్టే చోటు కొలత అది. దగ్గరికి వెళ్ళి చూడండి. ఒకదాని మీద జీన్సు ప్యాంటు జేబు, ఒకదాని మీద టెడ్డీ బొమ్మ, ఒకదాని మీద పెళ్ళి ఉంగరం. చాలామందికి సూది పట్టడం రాదని కుట్లు చూస్తేనే తెలుస్తుంది. పొడుగూ పొట్టీ, వంకర టింకర. కొడుకు కోసం అమ్మ వేసిన కుట్టయితే పొందిగ్గా, సమంగా ఉంటుంది. పాత ముక్కలకి దారం వదులైతే మళ్ళీ బిగించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కొత్త ముక్కలూ వస్తూనే ఉన్నాయి, అప్పట్లో కుట్టే ధైర్యం లేని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ముసలివాళ్ళయ్యాక కుట్టి తెస్తున్నారు.

ఆ తర్వాత క్రిస్మస్. వీధంతా దీపాల తోరణాలు కడతారు. నిచ్చెన ఎక్కేది ఒకరు, కింద పట్టుకునేది ఇద్దరు, "కాస్త ఎడమకి" అనేది పదిమంది. మెట్ల మీద పాడిన ఆ గాయకబృందమే క్రిస్మస్ ముందురోజు పాడే సంప్రదాయం ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఎయిడ్స్ రోజుల్లో ఆ బృందం ఎంతమందిని పోగొట్టుకుందో తెలిసినవాళ్ళు పాట మొదలు కాకముందే రుమాలు తీస్తారు. నేనూ తీస్తాను.

ఇక కొత్త సంవత్సరం పనుల్లో ముందే చెప్పి ఉంచాల్సింది ఒకటుంది. జూన్‌లో ప్రైడ్ వారాంతానికి ట్విన్ పీక్స్ కొండ మీద గులాబీరంగు త్రికోణం పరుస్తారు, 1996 నుంచీ. రమారమి ఎకరం నేల, ఇరవై మైళ్ళ దూరానికి కనిపిస్తుంది. అదంతా ఒక్క పొద్దున్నే వాలంటీర్లు పట్టాలు మోసుకెళ్ళి మేకులతో నేలకి దిగగొట్టేదే. మేకులు వేలల్లో ఉంటాయి, సుత్తులు ఎప్పుడూ చాలవు. కొండమీద గాలి గట్టిగా వీస్తుంది, పట్టా అంచుని ఒకరు కాలితో తొక్కిపెడితే ఇంకొకరు మేకు కొట్టాలి. కాబట్టి జంటగా రండి. గట్టి బూట్లు, చేతి తొడుగులు, ఎండకి రాసుకునే క్రీము, ఇంట్లో ఉంటే ఒక సుత్తి. సుత్తి మీద మీ పేరు రాసుకోండి, కిందికి దిగేటప్పటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.